బావ ముక్కలు బోర్లించిన రాత్రి

కంటి డాక్టరుకు చూపించుకుందామని పోయిన నెల ఒక పొద్దున నేనూ మా ఆవిడా కొత్తపేటలో మెట్రో ఎక్కాం. తెల్లవెంట్రుకలు చూసి లేచి చోటిచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు గానీ, నాకు మాత్రం కిటికీ దగ్గర నిలబడడమే ఇష్టం. నలభై ఏళ్ళకు పైగా కింద నడిచిన రోడ్డును పైనుంచి చూడడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ వస్తుందనగా బండి నెమ్మదించింది. సరిగ్గా నా కళ్ళ ఎదుటికి, చేయి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గరగా, ఒక పాత భవనం రెండో అంతస్తు వచ్చింది. అద్దాల వెనక కుర్రాళ్ళూ అమ్మాయిలూ యంత్రాల మీద ఉన్నచోటనే పరుగెత్తుతూ చెమటలు కక్కుతున్నారు. అది ఒకప్పుడు మా క్లబ్బు. ఇప్పుడు ఆ పరుగు యంత్రాలున్న చోట, ఆ మూల కిటికీ కిందే, నేను పదిహేనేళ్ళకు పైగా ప్రతి శనివారం రాత్రీ కూర్చుని పేకాడాను.

మా ఆవిడ నా మొహం చూసి, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగింది. లేదన్నాను. బండి కదిలిపోయింది. డాక్టరు కళ్ళల్లో చుక్కలు వేసి అరగంట మూసుకుని కూర్చోమన్నాడు. ఆ అరగంటా నాకు కనిపించింది మా బావ ఒక్కడే.

మా బావ అంటే మా అక్క భర్త. అంతమాత్రం చెబితే సరిపోదు. నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. అప్పటికి అక్కకు పద్దెనిమిది. నాయన మగ్గం మీదే పొద్దు గడిపేవాడు. నా తల దువ్వడం, బడికి పంపడం, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకోవడం అన్నీ అక్కే. మాది పోచంపల్లి పక్కన నేతవాళ్ళ ఊరు. ఆ రోజుల్లో చీరాల నుంచి నూలూ రంగులూ అమ్ముకుంటూ ఒక సన్నటి కుర్రాడు నెలకోసారి మా వాడకు వచ్చేవాడు. వాళ్ళూ నేతవాళ్ళే. నూలుకు ముడులు కట్టి రంగులద్దే చిటికి పని చీరాల వైపు నుంచే మా ఊళ్ళకు వచ్చిందని మా నాయన చెప్పేవాడు. అందుకేనేమో ఆ కుర్రాడి మీద ఆయనకు మొదటినుంచీ ఒక గౌరవం. మొదటి తెలంగాణ ఉద్యమం సద్దుమణిగి అప్పటికి రెండేళ్ళయినా కాలేదు. ఆంధ్రోనికి పిల్లనిస్తవా అని వాడలో నలుగురూ నాలుగు మాటలన్నారు. మగ్గం ముందు కూర్చున్నోడు ఎక్కడైనా సాలోడే అని మా నాయన ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

అక్క మాత్రం ఒక షరతు పెట్టింది. తమ్ముడు లేకుండా తాను కదలనంది. పెళ్ళికొడుకు పన్నెండేళ్ళ నన్ను దగ్గరికి పిలిచి, "ఏరా బామ్మర్దీ, మా ఇంట్లో ఉంటావా? నాకు సైకిల్ ఉంది, రోజూ బడికి దింపుతా" అన్నాడు. అలా పెళ్ళయిన మూడోరోజున అక్క పెట్టెతో పాటు నేనూ, నూలు వ్యాపారం కోసం ఆయన ఇల్లు తీసుకున్న హైదరాబాదు చేరాను. వాళ్ళ కొత్త కాపురంలో రెండు గదులుంటే ఒకటి నాది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు అది నా హక్కనే అనుకున్నాను.

నన్ను చదివించాడు. పదో తరగతి రెండుసార్లు తప్పితే ఒక్క మాట అనలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్లో పనికి కుదిర్చాడు. తర్వాత నా సొంత కొట్టు తెరిచిన రోజున మెట్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఇది మా బామ్మర్ది కొట్టమ్మా అని చెప్పుకున్నాడు. ఆ రోజుల దిల్‌సుఖ్‌నగర్ ఎండాకాలమంతా మామిడిపండ్ల వాసన వేసేది. గడ్డిఅన్నారం మార్కెట్టుకు లారీలు వస్తుంటే రోడ్డు మీద గడ్డి రాలి ఉండేది, మేం దాని మీద నడిచి పోయేవాళ్ళం. ఎల్బీ నగర్ చౌరస్తా దాటితే రాళ్ళూ రప్పలూ. ఆ రాళ్ళలోనే బావ స్థలం కొని చిన్న ఇల్లు కట్టాడు. అంత దూరం ఎవరొస్తారని మేం నవ్వాం. మంగళవారాలు నన్ను స్కూటరెక్కించుకుని కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకెళ్ళేవాడు. దండం పెట్టుకునేటప్పుడు పైకి వినిపించేలా నా పేరు కూడా కలిపి చెప్పేవాడు.

పేకాట నేర్పిందీ ఆయనే. అక్క వంట చేస్తుంటే చాప మీద ముక్కలు పంచి, చింతగింజలు పందెం పెట్టి ఆడించేవాడు. పదమూడు ముక్కలు చేతిలో విసనకర్రలా విప్పి పట్టుకోవడం నా చిన్న చేతులకు వచ్చేది కాదు. ఎదుటివాడి ముక్కలు చూడకు, మొహం చూడు అనేవాడు. నేను గెలిస్తే అక్కను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించేవాడు. నేనూ ఒక ఇంటివాణ్ణయ్యి కొత్తపేటలో కాపురం పెట్టాక చాప మీది ఆట కాస్తా క్లబ్బుకు మారింది. శనివారం కొట్టు మూశాక ఆయన స్కూటరు మీద వచ్చేవాడు, ఇద్దరం మెట్లెక్కేవాళ్ళం. మాది అందరికంటే చిన్న పందెపు బల్ల. ఒక రాత్రంతా ఓడినా మర్నాడు కూరగాయలకు తడుముకోవాల్సినంత ఉండేది కాదు. రిటైరయిన లెక్కల సారు ఒకాయన, పండ్ల మార్కెట్లో దళారీ చేసే సేటు ఒకాయన, మరో ఇద్దరూ, మేమూ. పన్నెండింటికి లేచి, బావ నన్ను కొత్తపేటలో దింపి, తాను ఎల్బీ నగర్ పోయేవాడు.

తర్వాత ఉద్యమం వచ్చింది. మన వయసు వాళ్ళకు ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పనక్కర్లేదు. వారంలో నాలుగు రోజులు షట్టర్లు దించి ఉండేవి, బస్సులు డిపోల్లోంచి కదిలేవి కావు, టీవీ పెడితే ఏడుపులు. నేను దానికి దూరంగా ఉన్నానని చెప్పను. మా ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే మూలపడడం కళ్ళారా చూసినవాణ్ణి. చదువుకుని ఉద్యోగాల్లేక తిరిగే మా పెదనాన్న మనవలు ఉన్నారు. ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేలా అరిచాను. ఇప్పటికీ దానికి నేను పశ్చాత్తాపపడను. నా బాధ అది కాదు.

బావ ఈ విషయంలో ఎప్పుడూ నోరు తెరవలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజున రెండు బస్తాల కూరగాయలు ఆటోలో వేసుకుని వచ్చి దించాడు. అక్క అక్కడ కూర్చుని ఉల్లిగడ్డలు తరిగింది. ఎవరో కుర్రాడు, పెద్దాయనా మీది ఏ ఊరు అంటే, ఎల్బీ నగరే బాబూ, ఆ వెనకాల సందు అన్నాడు. కానీ నేను వాళ్ళింటికి పోయినప్పుడు టీవీ గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. ఒకరి మాటకు ఒకరం జాగ్రత్త పడడం మొదలైంది. అంతకుముందు మా మధ్య లేని అలవాటు అది.

ఆ శనివారం వరుసగా రెండోరోజు బంద్. కొట్టు తెరవలేదు, ఇంట్లో కూర్చుని మనసంతా చిరాగ్గా ఉంది. క్లబ్బు షట్టరు సగం దించి నడుపుతున్నారని తెలిసి బావ స్కూటరేసుకుని వచ్చాడు. ఈ రాత్రి వద్దులే అని మా ఆవిడ అన్నది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతదని నేనే బయల్దేరాను. అప్పటికే నా కుడి మోకాలు అరిగి మెట్లెక్కడం కష్టంగా ఉండేది. బావ నా మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

ఆట మొదటి పంపకం నుంచే నాకు కలిసి రాలేదు. పేకాడేవాళ్ళకు ఆ రాత్రులు తెలుసు. జోకరు ఒక్కటీ చేతికి రాదు, వరుసగా మూడు ముక్కలు కుదిరితే చాలు అది ఒక లైఫు, ఆ ఒక్క లైఫూ పడదు. ఏ ముక్కనైతే పనికిరాదని పారేస్తామో మరుసటి చేతిలో దాని జోడీయే వచ్చి వెక్కిరిస్తుంది. ఒక ఆటలో చేతి నిండా రాజులూ రాణులూ ముసురుకుని, వదిలించుకునే లోపలే ఎదుటివాడు తన ముక్కలన్నీ కుదిరి షో కొట్టాడు. ఇంకో ఆటలో మొదట్లోనే డ్రాప్ అని తప్పుకుంటే, తర్వాత తెరిచిన ముక్కలన్నీ నాకు కావలసినవే. నష్టం పెద్దది కాదు, ఎప్పుడూ కాలేదు. కానీ గంటల తరబడి ఒక్కటంటే ఒక్క ఆట గెలవకుండా కూర్చుంటే, ముక్కలు కూడా తనమీద పగబట్టాయని మనిషికి అనిపిస్తుంది.

బావ నాకు కుడివైపున, అంటే నా ముందువాడిగా కూర్చున్నాడు. ఆయన పారేసిన ముక్కే నాకు దొరకాలి. ఆయనకేమో ఆ రాత్రి పట్టిందల్లా బంగారం. నాలుగుసార్లు షో చేశాడు. సేటు నవ్వుతూ, "ఏందన్నా, మీ బావ ఒక్క ముక్క గూడ ఇడుస్తలేడు నీకు?" అన్నాడు. లెక్కల సారు, ఆట దగ్గర చుట్టరికం ఏందయ్యా అన్నాడు. "గట్ల గాదు సార్, గాల్ల చేతిల వడ్డది మల్ల మనకు ఒస్తదా?" అని సేటు మళ్ళీ అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. సేటుకు నిజంగా ఆయనమీద ఏ కోపమూ లేదు, ఏటా మొదటి మామిడిపండ్ల బుట్ట బావ ఇంటికి పంపే మనిషి. ఆ రోజుల్లో ఆంధ్రావాళ్ళ మీద అలాంటి పరిహాసాలు గాల్లోనే ఉండేవి. నాకు మాత్రం అది పరిహాసంగా దిగలేదు. నలుగురిలో నేనే చేతగానివాడిలా కనబడుతున్నానని ఒళ్ళు మండింది.

పదకొండు దాటింది. చాలాసేపటి తర్వాత నా చేతికి ఒక ఆశ వచ్చింది. ఇస్పేటు ఆరూ ఏడూ ఉన్నాయి, ఇస్పేటు ఎనిమిది పడితే లైఫు అవుతుంది, మిగతావి జోకరుతో సర్దుకుంటాయి. లెక్కల సారు ఒక్క క్షణం ఆలోచించి ఆ ఇస్పేటు ఎనిమిదినే బల్ల మీద పారేశాడు. బావ దాన్ని ముట్టకపోతే ఆయనకు ఎనిమిది అక్కర్లేదన్నమాట, రెండో కట్టలోని ఎనిమిదైనా ఆయన చేతిలోంచి నాకు జారుతుంది. ఆయన చేయి చాపి ఆ ఎనిమిదిని తీసి తన ముక్కల మధ్య పెట్టుకున్నాడు. మరో చుట్టు తిరిగింది. ఈసారి మూసిన పేకలోంచి ఒక ముక్క తీశాడు, చూసుకున్నాడు, ఆయన మొహం విప్పారింది. చిన్నప్పుడు చాప మీద ఆయన నాకు చూడమన్న మొహం అదే. ఆయన నావైపు తిరిగి ఏదో అనబోయాడు.

నేను ఆగలేకపోయాను.

"తీస్కో బావా, తీస్కో. మీకు అలవాటే గదా. నలభై ఏండ్ల సంది మాది తీస్కునుడే గదా మీ పని. ఇంకెన్ని తీస్కుంటరు? అయిపోయింది ఇగ, లేశి మీ ఊరికి పోండ్రి."

పిల్లల్నీ పెద్దల్నీ నువ్వనే పిలిచే మా భాషలో ఆ "మీరు" గౌరవం కాదు, మీ వాళ్ళందరూ అని. అది ఆయనకు తెలుసు. ఆయన పెట్టిన అన్నం తిని పెరిగినవాణ్ణి. ఎవరింట్లో ఎవరు తీసుకున్నారో ఆ బల్ల దగ్గర మా ఇద్దరికే తెలుసు.

బావ నన్ను చూశాడు. కోపంగా కాదు. వినబడలేదేమో, మళ్ళీ చెబుతాడేమో అని ఎదురుచూసినట్టు చూశాడు. తర్వాత చేతిలో ముక్కలన్నీ దగ్గరికి చేర్చి బల్ల మీద బోర్లించాడు. "నాది డ్రాప్. రాసుకోండి సారూ" అన్నాడు. లేచి చెప్పులేసుకున్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి జేబులోంచి స్కూటరు తాళం తీసి నా ముందు పెట్టాడు.

"బండి ఉంచి వెళ్తున్నాను. మీ మోకాలు బాగోలేదు, నడవకండి."

అంతే, మెట్లు దిగి పోయాడు. అక్కణ్ణుంచి వాళ్ళ ఇంటికి ఐదు కిలోమీటర్లకు తక్కువ ఉండదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్ళు.

లెక్కల సారుకు నియమాలంటే నియమాలే. ముక్క తీసినాక డ్రాప్ ఎట్ల చెల్లుతది, చేతిలున్నయి లెక్కపెట్టాలె గదా అని గొణుక్కుంటూ, బావ బోర్లించిన ముక్కల్ని తిప్పి పరిచాడు. రాయబోయిన కలం పక్కన పెట్టాడు. ఇస్పేటు ఎనిమిది, తొమ్మిది, పది, జాకి. పక్కన ఇంకో వరుస. దాని పక్కన మూడు రాణులు, మూడు రెండ్లు. ఒక్క ముక్క మిగులు. ఆట ఎప్పుడో అయిపోయింది, నోరు తెరిచి షో అంటే చాలు. సేటు ఆ ముక్కల వంక ఒకసారి, తలుపు వంక ఒకసారి చూసి, నాకు పొద్దుగాల్నే లారీ ఉన్నది అంటూ లేచాడు. పోతూ నావైపు చూడలేదు.

ఇప్పుడు మీకు చెప్పడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే. నేను లేవలేదు. అప్పుడే లేచి, కుంటుకుంటూనైనా మెట్లు దిగి, రోడ్డు మీద బావా అని ఒక్క కేక వేసి ఉంటే ఆయన ఆగేవాడు. నాకు అనుమానం లేదు, తప్పకుండా ఆగేవాడు. ఒక్క ఆట గెలిచి లేద్దామనుకున్నాను. ఏదో గెలిస్తే నేను అన్నమాట చిన్నదైపోతుందని ఎందుకనిపించిందో నాకే తెలియదు. మిగిలినవాళ్ళు మొహమాటానికి కూర్చున్నారు. ముక్కలు పంచడం, తీయడం, పారేయడం. తాళం నా మోచేతి పక్కనే ఉంది. ఇంకో నాలుగు గంటలాడాను. తెల్లవారుజామున లేచేదాకా ఒక్క ఆట కూడా గెలవలేదు.

స్కూటరు నడుపుకుంటూ కొత్తపేట దాకా వచ్చాక అప్పుడు తట్టింది నాకు. బావ నన్ను "మీ మోకాలు" అన్నాడు. "నడవకండి" అన్నాడు. పన్నెండో ఏట నుంచీ నేను ఆయనకు ఒరేయ్‌నే. బండి రోడ్డు పక్కన ఆపేశాను.

పొద్దున బండి ఇవ్వడానికి వాళ్ళింటికి పోయాను. బావ గదిలో అటు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క గేటు దాకా ఎదురొచ్చింది. "ఏమైందిరా? అర్ధరాత్రి నడుసుకుంట ఒచ్చిండు. అన్నం గూడ తినలే. ఎంత అడిగినా చెప్తలేడు. ఏమన్న గొడవైందా?"

ఆయన చెప్పలేదు. నాకు అప్పుడైనా చెప్పే అవకాశం వచ్చింది. నేను తాళం ఆమె చేతిలో పెట్టి, "ఏం లేదక్కా. ఆటల ఓడిపోయిండు, అలిగి లేశొచ్చిండు" అన్నాను. అక్క నవ్వింది. ఈ వయసుల గింత అలకేందిరా అన్నది. లోపల పడుకున్న మనిషికి మా మాటలు వినిపించే ఉంటాయి. ఆ గదికీ గేటుకూ మధ్య ఎన్నడుగులుంటాయని!

ఆ తర్వాత ఆయన క్లబ్బుకు రాలేదు. మాట్లాడడం మానలేదు, ఆ పని చేసి ఉంటే నాకు బాగుండేది. పోతే లేచి కుర్చీ చూపించేవాడు. "రండి, కూర్చోండి. పిల్లలు బాగున్నారా అండీ?" అనేవాడు. ఎవరైనా వింటే ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు. అక్క మొదట్లో వేళాకోళమనుకుంది, తర్వాత విసుక్కుంది, తర్వాత అలవాటు పడింది. నేను మాత్రం పడలేదు. ప్రతిసారీ ఇవాళ చెబుతాను, కాళ్ళు పట్టుకుంటాను అనుకుని బయల్దేరేవాణ్ణి. ఆ "రండి" వినగానే చూపించిన కుర్చీలో కూర్చుని, పిల్లల సంగతులు చెప్పి వచ్చేసేవాణ్ణి. ఇలా రోజులు కాదు, ఏళ్ళు గడిచాయి.

రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి కొత్తపేట రోడ్డు మీద రంగులు చల్లుకుంటూ ఎగిరినవాళ్ళలో నేనూ ఉన్నాను, మోకాలు నొప్పి కూడా తెలియలేదు. మర్నాడు పొద్దున కొట్టు తెరిచేసరికి బావ మెట్ల మీద నిలబడి ఉన్నాడు, చేతిలో మిఠాయి డబ్బా. "సంతోషమండీ. కోరుకున్నది వచ్చింది" అన్నాడు. ఆ మాటలో వెటకారం వెతికాను, దొరికితే కోపం తెచ్చుకుందామని. లేదు, నిజంగానే సంతోషించాడు. నేను ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను. డబ్బా తెరవాలన్న మిషతో ఆయన మెల్లిగా చేయి విడిపించుకున్నాడు.

రెండేళ్ళకు ఎల్బీ నగర్ ఇల్లు అమ్మేశారు. నూలు వ్యాపారం తగ్గిపోయింది, వాళ్ళ అమ్మాయిని చీరాలలోనే ఇచ్చారు, ఆయన ఒంట్లోనూ బాగుండటం లేదు. కారణాలు చాలానే ఉన్నాయి, అన్నీ నిజమే. సామాను లారీకెక్కించే రోజు నేనూ పోయాను. అక్క గిన్నెల మూట కడుతూ ఏడుస్తూ, తన భర్తను చూపించి అందరిముందూ అన్నది: "గీ మనిషికి ఇంత పంతమేందిరా! పేకాటల ఓడిపోయినందుకు తమ్ముని మీద అలిగి, గిన్నేండ్లయినా మనసుల పెట్టుకునె. ఇప్పుడు నన్ను నా తమ్మునికి దూరం తీస్కపోవట్టె." బావ బీరువాకు తాడు కడుతున్నాడు. తలెత్తలేదు. ముడి బిగిసిందో లేదో లాగి చూసుకుని రెండో తాడు అందుకున్నాడు. నేను కూడా తలెత్తలేదు. అటుపక్క తాడు కొస పట్టుకున్నవాణ్ణి నేనే.

ఆయన మంచాన పడ్డాడని తెలిసి చీరాల పోయాను. మనిషి పెళ్ళినాటి కంటే సన్నబడ్డాడు. అక్క పాలకోసం బయటికి పోయినప్పుడు మంచం పక్కన కింద కూర్చుని చెప్పాను. ఆ రాత్రి అన్నదీ, పొద్దున అక్కకు చెప్పిన అబద్ధమూ, అన్నీ. ఏడుస్తూ చెప్పానో, చెబుతూ ఏడ్చానో. "తప్పయింది బావా. ఒక్కసారి తిట్టు. కొట్టు" అన్నాను. ఆయన నా తలమీద చేయి పెట్టాడు. చాలాసేపు పెట్టి ఉంచాడు. అప్పుడు మెల్లిగా అన్నాడు:

"అదా? నేనెప్పుడో మర్చిపోయానండీ."

క్షమించాడు, అందులో నాకు సందేహం లేదు. ఆ చేతి బరువు నాకింకా తెలుస్తూనే ఉంది. కానీ ఒరేయ్ అనడానికి ఆయన నోరు తిరగలేదు. అది ఆయన చేతిలో కూడా లేదేమో. పది రోజులకు పోయాడు.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక అక్కకు చెప్పాను. ఇక దాచుకుని బతకడం నావల్ల కాలేదు. వసారాలో ఇద్దరమే ఉన్నాం. అక్క మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాను. ఆమె నావైపు కూడా చూడకుండా, ఎదురుగా గోడ మీద దండ వేసిన ఫోటోను చూస్తూ, "ఆఖరు రోజుల్ల గూడ అన్నరా నేను. పేకాటకు అలిగినోనివి, నువ్వు నాకు జెప్పొచ్చినవా అని. నీళ్ళు తాగిపిచ్చుకుంట అన్న. ఊకున్నడు" అన్నది. మెల్లిగా గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. ఆ సాయంత్రం నాకు అన్నం పెట్టింది, బస్సు దగ్గరికి మనిషిని తోడిచ్చి పంపింది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు పేకాట క్లబ్బులు లేవు, అన్నీ మూతపడ్డాయి. మా మనవడు ఫోన్లోనే రమ్మీ ఆడతాడు. ఎదుట ఎవరున్నారో వాడికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఓడిపోతే ఫోను విసిరికొట్టి అన్నానికి లేస్తాడు. వాణ్ణి చూస్తే ఒక్కోసారి ఇదే నయమేమో అనిపిస్తుంది, మరుక్షణమే కాదనిపిస్తుంది. మోకాలుకు మోకాలు తగిలేలా కూర్చుని ఆడిన రోజుల్లో ఒకరి మాటకు ఇంకొకరి గుండె పగిలేది నిజమే. పగలడానికైనా అక్కడొక మనిషి ఉండేవాడు. ఉద్యమం రోజుల్లో మనమందరం ఎన్నెన్ని మాటలన్నామో, ఎవరెవరిని అన్నామో. ఊరేగింపుల్లో అన్నవి ఊరేగింపుతోనే పోయాయి. ఇళ్ళల్లో అన్నవే మిగిలాయి.

ప్రతి ఆదివారం అక్కకు ఫోన్ చేస్తాను. డెబ్బై ఐదేళ్ళొచ్చాయి. ఎండలనీ, కరెంటనీ, మనవరాలి చదువనీ చెబుతుంది. ఏంది అనేది పోయి ఏంటి అంటోంది, ఒచ్చిండు పోయి వచ్చాడు అంటోంది. ఆమెకు తెలియకుండానే మా ఊరి మాట ఆమె నోట్లోంచి జారిపోతోంది. కొన్నాళ్ళు వచ్చి మా దగ్గర ఉండమని ప్రతివారం అడుగుతాను, చూద్దాంలే అంటుంది. పోయిన ఆదివారం అడగకముందే, టీవీలో చూసిందట, ఆదుర్దాగా పలకరించింది.

"ఏరా, మీ హైదరాబాద్‌లో వానలు బాగా పడుతున్నాయంటగా? జాగ్రత్తగా ఉండండి."

సరే అక్కా అన్నాను. ఫోన్ పెట్టేసిన తర్వాత, నలభై ఏళ్ళు ఇక్కడే కాపురం చేసిన మా అక్క నోట వచ్చిన ఆ "మీ" అన్న మాట దగ్గరే ఆ సాయంత్రమంతా కూర్చుండిపోయాను.